గోల్ఫ్ సున్నా, భోజనం నూరు: బెజవాడ వచ్చేవారికి కొన్ని లెక్కలు

విజయవాడ నగరంలో 18 హోల్స్ గోల్ఫ్ కోర్సులు ఎన్ని? సున్నా. ఈ లెక్క ముందే చెప్పేయడం మంచిది. సంక్రాంతికి అమెరికా నుంచో సింగపూర్ నుంచో వచ్చే చుట్టాల్లో గోల్ఫ్ సంచీ మోసుకుని గన్నవరంలో విమానం దిగేవాళ్ళు ఇప్పుడు కనిపిస్తున్నారు. "ఒక్క రౌండ్ వేసొద్దాం బావా, దగ్గర్లో ఏముంది?" అంటే బావగారు నీళ్ళు నములుతాడు. అదే "ఎక్కడ తిందాం?" అని అడిగి చూడండి. ఇంట్లో ఆరుగురుంటే ఎనిమిది పేర్లు చెప్తారు, ఆ ఎనిమిదింటి మీదా తగువు పడతారు.

ముందు ఆ సున్నా సంగతి చూద్దాం. 18 హోల్స్ కోర్సుకి ఎంత పొదుపుగా గీసినా 100 ఎకరాలు కావాలి, దర్జాగా కట్టాలంటే 150 దాటుతుంది. ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో ఉన్న భవానీ ద్వీపం మొత్తం సుమారు 130 ఎకరాలు. ఒడ్డుకొస్తే ఉన్నది వరి. డెల్టాలో ఎకరానికి 75 కిలోల బస్తాలు 30 పండటం మామూలు మాట. 125 ఎకరాలు గోల్ఫ్‌కి ఇచ్చేస్తే ఒక్క పంటలోనే 3,750 బస్తాలు పోయినట్టు, అంటే 281 టన్నుల ధాన్యం. మర పట్టిస్తే 185 టన్నుల పైచిలుకు బియ్యం. అలాంటి నేల మీద గడ్డి పెంచి బంతి కొట్టుకుంటామంటే రైతు ఒప్పుకోడు. రైతు ఒప్పుకున్నా ప్లాట్లు వేసేవాడు ఒప్పుకోడు.

నీళ్ళకేం లోటు, కృష్ణ పక్కనే ఉందిగా అంటారేమో. 1855 నాటికి ఆనకట్ట పూర్తయింది, దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది, దాని కింద దాదాపు 13 లక్షల ఎకరాలు తడుస్తున్నాయి. ఒక ఎకరం మీద ఒక మిల్లీమీటరు నీరు నిలిస్తే 4,047 లీటర్లు. కోర్సులో తడపాల్సిన పచ్చిక 75 ఎకరాలు అనుకుని, ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్ల చొప్పున పెడితే 15 లక్షల లీటర్లు. నిజానికి ఎకరం ఎకరానికి పోలిస్తే వరి అంతకంటే తక్కువేమీ తాగదు. చిక్కంతా వేళ దగ్గరే. వరికి జూన్, జూలైల్లో కాలవలు వదులుతారు, వేసవిలో కట్టేస్తారు. గోల్ఫ్ పచ్చిక దాహం తీరాల్సింది సరిగ్గా కాలవలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో. పైగా డెల్టా నేల బరువైన బంకమట్టి. వానకి జిగురు, ఎండకి నెర్రెలు. గోల్ఫ్‌కి నీళ్ళు వెంటనే ఇంకిపోయే ఇసుక కలిసిన నేల కావాలి.

అందుకే ఆడాలంటే ఊరు దాటాలి. హైదరాబాద్ రోడ్డు మీద సుమారు 275 కిలోమీటర్లు, విశాఖ సుమారు 350. 18 హోల్స్ ఆడటానికి నాలుగు నుంచి నాలుగున్నర గంటలు పడుతుంది, హైదరాబాద్ వెళ్ళి రావడానికి పది గంటలు. నాలుగు గంటల ఆటకి పది గంటల ప్రయాణం నా లెక్కలో దండగ. విజయవాడ నుంచి వెళ్ళి రావాలని చూడకండి. విమానం ఎలాగూ హైదరాబాద్‌లో దిగితే అక్కడున్నప్పుడే ఆట ముగించి రండి. విశాఖ వైపు పని ఉంటే 2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్–విశాఖపట్నం వందే భారత్ విజయవాడలో ఆగుతుంది, దాదాపు నాలుగు గంటల్లో దింపుతుంది.

హైదరాబాద్‌లో గోల్కొండ కోట నయా ఖిల్లాలో ఒక కోర్సు ఉంది, గచ్చిబౌలిలో బండరాళ్ళ మధ్య బౌల్డర్ హిల్స్ ఉంది. విశాఖలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్. మూడూ 18 హోల్సే. కోట గోడల మధ్య ఆడిన మాట చెప్పుకోవాలంటే మొదటిది, రాళ్ళ అందానికి రెండోది, సముద్రపు గాలికి మూడోది. ఇంతకంటే కచ్చితంగా ఎంచుకోవాలంటే స్కోరుకార్డు మీద ఉండే స్లోప్ రేటింగ్ చూడండి. మంచి ఆటగాడితో పోలిస్తే మామూలు ఆటగాణ్ణి ఆ కోర్సు ఎంత ఎక్కువ ఇబ్బంది పెడుతుందో అది చెప్తుంది. 55 నుంచి 155 దాకా ఉంటుంది, ప్రామాణికం 113. మీ హ్యాండిక్యాప్ ఇండెక్స్, అంటే మీ ఆట స్థాయిని చెప్పే అంకె, 18 అనుకోండి. స్లోప్ 130 ఉన్నచోట 18ని 130తో గుణించి 113తో భాగిస్తే దాదాపు 21. స్లోప్ 105 ఉన్నచోట 17. కోర్సు రేటింగుకీ పార్‌కీ ఉండే తేడాని పక్కన పెట్టినా, అదే మనిషికి రెండు చోట్ల నాలుగు దెబ్బల వ్యత్యాసం. కోర్సు ఒకటే అయినా ఎక్కడి నుంచి మొదటి దెబ్బ కొడతారన్నదాన్ని బట్టి కూడా ఈ అంకె మారుతుంది. కొత్త ఊళ్ళో కొత్త కోర్సు మీద పౌరుషానికి పోయి అందరికంటే వెనక గుర్తు దగ్గర నిలబడనక్కర్లేదు. ఇవి ఎక్కువగా సభ్యుల క్లబ్బులు కాబట్టి అతిథులకి ఏ రోజుల్లో వీలుంటుందో ఫోన్ చేసి కనుక్కోండి. వారం మధ్యలో దొరికినంత తేలిగ్గా ఆదివారం దొరకదు.

గోల్ఫ్‌లో నచ్చేది ఇదే, కోర్సు తన కష్టాన్ని అంకెలో రాసి చేతికిస్తుంది. హోటలు ఇవ్వదు. ఫోన్‌లో కనిపించే చుక్కలు స్లోప్ రేటింగ్ లాంటివే అనుకుంటే మోసపోతాం.

ఒక చిన్న లెక్క చూడండి. ఒక హోటలుకి 40 మంది రివ్యూలు రాశారు, సగటు 3.8. యజమాని చుట్టాలు పది మంది కూర్చుని తలా అయిదు చుక్కలు ఇచ్చారు. సగటు 4.04 అయిపోతుంది, చూడగానే "నాలుగు దాటింది" అనిపిస్తుంది. అదే 3.8 సగటు 4,000 మంది ఇచ్చినదైతే, ఆ పది మంది ఎంత ప్రయాసపడినా అది 3.803 దగ్గరే ఆగుతుంది. అందుకని సగటు కంటే ముందు ఎంతమంది రాశారో చూడాలి. 60 మంది ఇచ్చిన 4.8 కంటే 6,000 మంది ఇచ్చిన 4.1 నమ్మదగ్గది. అప్పుడు కూడా ఆ మార్కులు దేనికి వేశారో చదవాలి. గవర్నర్‌పేట, సూర్యారావుపేట సందుల్లోని మెస్సులకి ఒక్క చుక్క ఇచ్చినవాళ్ళ ఫిర్యాదులు చూడండి: ఏసీ లేదు, కారు పెట్టే చోటు లేదు, తినగానే లేవమన్నారు. పప్పు బాగోలేదని రాసినవాళ్ళు ఎందరో లెక్కపెట్టండి. నా దృష్టిలో అదొక్కటే అసలు రేటింగ్.

తినగానే లేవమనడం మీకు లాభమే, ఎలాగో చెప్తాను. మెస్సులో 40 కుర్చీలు, ఒక్కొక్కరి భోజనం 25 నిమిషాలు అనుకుందాం. 25 నిమిషాలంటే 1,500 సెకన్లు. 40తో భాగిస్తే సగటున 37.5 సెకన్లకొక కుర్చీ ఖాళీ అవుతుంది. మీ ముందు 15 మంది నిలబడి ఉన్నా పది నిమిషాల్లోపు ఆకు ముందు కూర్చుంటారు. పక్కనున్న ఏసీ రెస్టారెంటులో 60 కుర్చీలున్నాయి కానీ జనం గంటసేపు కూర్చుంటారు. అక్కడ నిమిషానికి ఒక కుర్చీ, అదే 15 మందికి పావుగంట. గుమ్మం దగ్గర జనాన్ని చూసి వెనక్కి తిరిగేవాళ్ళు ఈ లెక్క వేసుకోరు. ఇంకో లాభం కూడా ఉంది. కుర్చీలు అంత వేగంగా తిరిగేచోట అన్నం గుండిగ కూడా అంతే వేగంగా తిరుగుతుంది. చల్లారే సందు ఉండదు.

వేళ కూడా అంకే. రైలు పొద్దున్నే దిగితే స్టేషనుకి దగ్గర్లోనే గాంధీనగర్, అక్కడి బాబాయ్ హోటల్ వెన్న వేసిన ఇడ్లీకి పేరు. టిఫిను తొమ్మిదిలోపు ముగించండి. తర్వాత వచ్చే రుచికీ మొదటి వాయి రుచికీ తేడా ఉంటుంది. భోజనానికి పన్నెండున్నర నుంచి ఒకటిన్నర మధ్య సరైన వేళ. రెండున్నర తర్వాత వెళ్తే వేపుడు మెత్తబడి, సాంబారు అడుగంటి ఉంటుంది, వడ్డించేవాడి ఓపిక కూడా. సాయంత్రం పునుగులు, బజ్జీల బండి దగ్గర చూడాల్సింది పళ్ళెం. దానిలో పోగుపడి ఉంటే ముందుకి నడవండి. బాణలిలోంచి తీసినవి తీసినట్టే పొట్లాల్లోకి పోతుంటే ఆగండి. ఈ పరీక్షకి ఏ యాప్ అక్కర్లేదు.

మెనూ ఎంత పొడుగుందో లెక్కపెట్టండి. 200 రకాలు రాసి, అందులో చైనా నూడుల్సు, పంజాబీ పనీరు, ఉలవచారు ఒకే పేజీలో పెట్టినచోట వంటమనిషి కంటే ఫ్రిజ్ ఎక్కువ పనిచేస్తుంది. ఉలవచారు అసలే ఓపిక వంట. ఉలవలు గంటల తరబడి ఉడకాలి, ఆ కట్టు చిక్కబడే దాకా మరగాలి. ఎడ్లకి ఉలవలు ఉడకేసే ఇళ్ళలో ఆ నీళ్ళు పారబోయకుండా చేసుకున్న చారు అది. ఇవాళ ఎడ్లు పోయి చారు మిగిలింది. పైన మీగడ వేసిస్తారా అని అడగండి. ఏమిటా అన్నట్టు చూస్తే వేరే ఏదైనా తినండి.

నెల కూడా చూసుకోవాలి. పులస గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పటి చేప, జూలై నుంచి సెప్టెంబరు దాకానే. జనవరిలో బెజవాడ మెనూలో పులస కనబడితే అది పులస కాదు, ధర మాత్రం పులసదే. కొల్లేరు, కైకలూరు చెరువుల చేపకి ఈ పట్టింపు లేదు, ఏడాదంతా వస్తుంది. తాటి ముంజలు ఏప్రిల్, మే నెలల్లో. నూజివీడు రసాలు కూడా వేసవిలోనే. సంక్రాంతికి వచ్చి మామిడిపళ్ళడిగే చుట్టానికి జ్యూసే గతి.

ఇక దూరం. మంగళగిరి సుమారు 12 కిలోమీటర్లు, పానకాల స్వామి దర్శనం, పానకం ఒక పూటలో అయిపోతాయి. గుంటూరు సుమారు 35. అక్కడ శంకర్ విలాస్ అనే హోటలు పేరే ఊరి నడిబొడ్డు సెంటరుకి స్థిరపడిపోయింది. ఒక టిఫిను హోటలుకి ఇంతకంటే పెద్ద రేటింగ్ ఎవరూ ఇవ్వలేరు. నూజివీడు సుమారు 45. మచిలీపట్నం సుమారు 70, ఇక్కడ కాస్త ఆలోచించాలి. బందరు లడ్డుకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శనగపిండి పూసని వేయించి, దంచి, పాకంలో కలిపి చుట్టే తొక్కుడు లడ్డు అది. కానీ వెళ్ళి రావడానికి 140 కిలోమీటర్లు, దాదాపు నాలుగు గంటలు. ఒక్క లడ్డు కోసమే అయితే బెజవాడలోనే కొనుక్కోండి. దారిలో కూచిపూడి, చివర మంగినపూడి బీచ్ కలుపుకుంటే మాత్రం రోజు గిట్టుబాటవుతుంది.

చివరికి బిల్లు. మామూలు రెస్టారెంటులో జీఎస్టీ 5 శాతం. గది అద్దె రోజుకు 7,500 రూపాయలు దాటే హోటళ్ళలోని రెస్టారెంట్లలో 18 శాతం. అంటే 600 రూపాయల భోజనం మొదటిచోట 630, రెండోచోట 708. బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి, 2022 జనవరి నుంచి ఇది తప్పనిసరి. లేకపోతే అడగండి, అడిగితే ఎవరూ కొట్టరు. సర్వీసు చార్జీ అన్న వరుస కనబడితే అది పన్ను కాదని గుర్తుపెట్టుకోండి. 10 శాతం వేస్తే ఆ 600కి 60 కలిసి, మొత్తం మీద జీఎస్టీ పడి 693 అవుతుంది. మీకు తెలియకుండా పోయేది 63 రూపాయలు. సర్వీసు చార్జీని హోటళ్ళు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2022 జూలైలో చెప్పింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు ఆ మాటని సమర్థించింది. నచ్చితే వడ్డించిన మనిషి చేతిలో మీరే పెట్టండి, అది వేరు. బిల్లులోంచి తీసేయమంటే తీయకపోతే బిల్లు ఫొటో తీసుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.