తగరంలో పది, బంగారంలో ఒక్కటి

ఇత్తడి గిన్నెకు కళాయి వేయడం చూశారా? కాలిన గిన్నెలో తగరం ముక్క రాసి గుడ్డతో తిప్పితిప్పి రుద్దగానే లోపలంతా వెండిలా తళుక్కుమంటుంది. ఆ పలచటి పూతలో ఒక రికార్డు దాగుంది. ఏ మూలకానికీ లేనన్ని స్థిర ఐసోటోపులు తగరానికే ఉన్నాయి, మొత్తం 10. అన్నిటిలోనూ ప్రోటాన్లు 50, న్యూట్రాన్లు మాత్రం 62 నుంచి 74 దాకా. మూడో వంతు పరమాణువులు ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి 120 ఉన్న రకానివి, అంటే 120 రకానివి, మిగతా తొమ్మిదీ వాటి వెనకే. పుస్తకంలో తగరం పరమాణు భారం 118.71 అని ఉంటుంది గానీ సరిగ్గా అంత బరువు తూగే తగరం పరమాణువు ఎక్కడా లేదు. అది పదింటి సగటు. పిల్లలు బట్టీపట్టే దశాంశాలన్నిటిలో నాకు ఎంతో ఇష్టమైనది ఇదే.

బంగారం దీనికి పూర్తిగా ఎదురు. కోలారు గనిలో తవ్విందైనా, మెడలోని పుస్తెల్లో ఉన్నదైనా ప్రతి బంగారు పరమాణువూ 197 రకమే.

ఈ సగటులే ఒకప్పుడు ఆవర్తన పట్టికలో చిక్కు తెచ్చాయి. మూలకాలను బరువు ప్రకారం పేర్చితే అయోడిన్ (126.90) ముందు, టెల్లూరియం (127.60) వెనక రావాలి. ఆ పట్టిక కూర్చిన మెండలీవ్ గుణాలను నమ్మి టెల్లూరియాన్నే ముందు పెట్టాడు, దాని బరువు తప్పుగా తూచారనుకున్నాడు. తూకం సరైనదే. టెల్లూరియంలో దాదాపు మూడింట రెండు వంతులు 128, 130 రకాలే కావడంతో సగటు పైకి పోయింది.

మామూలు నీటిలో ఆరేడు వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒకటి డ్యుటీరియం అనే బరువైన ఐసోటోపు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు దగ్గరి కర్మాగారంలో దాన్ని పోగుచేసి అణు రియాక్టర్లకు భారజలం తయారుచేస్తారు. ఆ భారజలాన్ని గడ్డకట్టించి మంచినీళ్ల గ్లాసులో వేస్తే ఆ మంచుముక్క తేలదు, అడుక్కి పోతుంది!

ఇక లెక్కల్లో అన్నిటికన్నా పెద్దది మోల్. ఒక మోల్ నీళ్లంటే 18 గ్రాములు, అంటే గుక్కెడు. అందులో ఉండే అణువులు దాదాపు 602 కోట్ల కోట్ల కోట్లు. అన్ని బియ్యపు గింజలు కావాలంటే, గ్రాముకు 50 గింజల చొప్పున, ఇప్పుడు ప్రపంచమంతా పండిస్తున్న బియ్యాన్ని రెండు కోట్ల ఏళ్లకు పైగా దాచిపెట్టాలి.

ఇంత పెద్ద సంఖ్య ఉండబట్టే బిస్మత్ గుట్టు బయటపడింది. దాని 209 రకం ఎన్నటికీ చెక్కుచెదరదని అందరూ అనుకున్నారు. 2003లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు అదీ విచ్ఛిన్నమవుతోందని పట్టుకున్నారు. అర్ధాయువు, అంటే సగం పరమాణువులు విచ్ఛిన్నమయ్యే కాలం, దాదాపు 2 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని ఏళ్లు, విశ్వం వయసుకు వంద కోట్ల రెట్లకు మించి. అయినా ఒక మోల్ బిస్మత్, అంటే 209 గ్రాములు, ముందు పెట్టుకుంటే అందులో రోజుకు 50 పైచిలుకు పరమాణువులు ఒక్కో ఆల్ఫా కణాన్ని విసిరి థాలియంగా మారిపోతుంటాయి.