టర్బోనా, సూపర్ ఛార్జరా? – మేనల్లుడి ప్రశ్న

కిందటి పొంగలు సెలవులకు మా మేనల్లుడు కోయంబత్తూరు నుంచి కడంబూరు వచ్చాడు. కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడో లేదో, "మామా, నా కారుకు టర్బో పెట్టించేదా, సూపర్ ఛార్జర్ పెట్టించేదా? ముప్పై ఏళ్ళు లారీ ఇంజన్లు విప్పినవారు, మీరే చెప్పాల" అన్నాడు. కారు ఆరేళ్ళ పాతది, 1.2 లీటర్ల పెట్రోలు ఇంజను. చేతిలో రెండు లక్షలు ఉన్నాయి. అవి మా చెల్లెలు నెలనెలా చీటీ కట్టి కూడబెట్టిన డబ్బు. కొడుకు ముచ్చట కాదనలేక ఇచ్చింది గానీ, వంటింటి గడపలో నిలబడి నా మొహమే చూస్తోంది.

మన ఇళ్ళలో పిల్లలు ఇలాంటి ప్రశ్నే అడిగితే పెద్దలకు పనికొస్తుందని, ఆ రోజు మేము మాట్లాడుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ఒక కిలో పెట్రోలు సరిగా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. కాబట్టి ఇంజనుకు బలం పెంచాలంటే పెట్రోలు ఒక్కటే ఎక్కువ పోస్తే చాలదు, గాలి కూడా ఎక్కువ పట్టించాలి. కమ్మరి కొలిమికి తిత్తి ఊదినట్టన్న మాట. టర్బో, సూపర్ ఛార్జర్ రెండూ తిత్తులే. ఆ తిత్తిని ఎవరు ఊదుతారన్నదే తేడా.

సూపర్ ఛార్జరును ఇంజనే బెల్టుతో తిప్పుతుంది. 1860లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో రూట్స్ అనే అన్నదమ్ములు పేటెంటు పొందిన గాలి పంపు ఈ జాతిదే. యాక్సిలరేటరు తొక్కిన క్షణమే బలం వస్తుంది. కానీ ఊదే కూలి ఇంజను జేబులోంచే పోతుంది, పెట్రోలు ఖర్చు పెరుగుతుంది. టర్బోను తిప్పేది సైలెన్సరు దారిన వృథాగా పోయే వేడి పొగ. 1905లో స్విట్జర్లాండుకు చెందిన ఆల్ఫ్రెడ్ బ్యూషీ దీనికి పేటెంటు తీసుకున్నాడు. వృథా పోయేదానితో పని జరుగుతుంది గనక పొదుపు. కాకపోతే పొగ జోరందుకునే దాకా ఆగాలి. దీన్నే టర్బో ల్యాగ్ అంటారు.

"ల్యాగ్ అంటే ఎంతుంటుంది మామా?" అన్నాడు. వాణ్ణి కడంబూరు స్టేషనుకు తీసుకుపోయాను. ఇప్పుడు ఈ దారిలో కరెంటు ఇంజన్లు నడుస్తున్నాయి గానీ, మా కాలంలో ఆల్కో రకం డీజిల్ ఇంజన్లు వచ్చేవి. బండి కదిలేటప్పుడు గుప్పుగుప్పున నల్లపొగ కక్కేది. డ్రైవరు డీజిల్ ఇచ్చేశాడు, టర్బో ఇంకా వేగం అందుకోలేదు, గాలి చాలక డీజిల్ సగమే మండింది. ఆ నల్లపొగే ల్యాగ్. స్టేషను దాటి కొంతదూరం పోయాక పొగ పలచబడేది. అంటే టర్బో అందుకున్నదని అర్థం.

1990ల చివర మన రైల్వేకు వచ్చిన డబ్ల్యూడీజీ-4 ఇంజను సంగతి ఇంకా తమాషా. దాని బలం 4000 అశ్వశక్తి. అందులో టర్బోను మొదట ఇంజనే పళ్ళచక్రాలతో తిప్పుతుంది. భారం పెరిగి పొగకు బలం వచ్చాక ఒక క్లచ్ విడిపోయి పొగే తిప్పుకుంటుంది. మొదట సూపర్ ఛార్జరు, తర్వాత టర్బో!

కార్ల పందేల్లోనూ ఈ తగాదా తేలింది లేదు. 1983 ప్రపంచ ర్యాలీ పోటీల్లో నాలుగు చక్రాలూ లాగే టర్బో ఆడి క్వాట్రోను, వెనక చక్రాలు మాత్రమే లాగే సూపర్ ఛార్జరు లాన్సియా 037 తయారీదారుల టైటిల్లో రెండే పాయింట్ల తేడాతో ఓడించింది. అదే లాన్సియా 1985లో డెల్టా ఎస్4లో రెండూ కలిపి పెట్టింది.

మావాడు చెట్టిపాళయం దగ్గర 2003లో మొదలైన కరి మోటార్ స్పీడ్‌వేలో కారు తోలాలని కలలు కంటున్నాడు. అది 2.1 కిలోమీటర్ల చిన్న ట్రాకు, మలుపులు ఎక్కువ. మలుపు మలుపుకూ యాక్సిలరేటరు వదిలి తొక్కేచోట వెంటనే పలికే సూపర్ ఛార్జరు హాయి. మదురై నుంచి కోవిల్‌పట్టి దాకా నాలుగు వరుసల రోడ్డు మీద పోయేవాడికి టర్బో మేలు. ప్రశ్నకు జవాబు ఇంతే. కానీ అసలు ప్రశ్న ఇది కాదని నా అనుభవం.

నా తప్పు ఒకటి వాడికి చెప్పాను. వెనక ఒకసారి టర్బో ఉన్న డీజిల్ జీపును ఎండాకాలంలో మదురై నుంచి ఆపకుండా తోలుకొచ్చి, ఇంటి ముందు టక్కున ఇంజను ఆపేశాను. టర్బో ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే వస్తువు. ఇంజను ఆగితే ఆయిలు ఆగుతుంది, లోపలి ఆయిలు మాడి బొగ్గవుతుంది. అలా నాలుగైదుసార్లు చేశాక బేరింగు పట్టేసింది. ఆ నెల జీతం దానికే పోయింది.

కంపెనీవాళ్ళు టర్బో పెట్టిన ఇంజనుకే అంత జాగ్రత్త కావాలి. మామూలు ఇంజనుకు మనం గాలి ఊదితే? ఒత్తిడికి గాలి వేడెక్కుతుంది. మన ఎండకు అది మరీ ఎక్కువ. చల్లార్చడానికి ఇంటర్‌కూలరు కావాలి. పెట్రోలు వేళకు ముందే భగ్గుమంటే పిస్టను చిల్లిపడుతుంది. పిస్టన్లు, క్లచ్, రేడియేటరు, అన్నిటికన్నా ముందు బ్రేకులు మార్చాలి. రెండు లక్షలు ఏ మూలకు?

చట్టం మాట వేరే ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చి రోడ్డు మీద తిప్పరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సువాళ్ళు పేచీ పెడతారు. అప్పుడు తల్లి చీటీ డబ్బులే కాదు, ఇల్లే తాకట్టుకు పోవచ్చు.

"అయితే ఆశ వదులుకోవాల్నా మామా?" అన్నాడు చిన్నబుచ్చుకుని. వద్దన్నాను. ఆ ట్రాకుకు పేరైన కరివర్ధన్ మన కోయంబత్తూరువాడే. 1995లో చిన్న విమానం కూలి పోయాడు. ఆయన తయారుచేసిన ఫార్ములా మారుతి పందెం కార్లలో ఉన్నది చిన్న మారుతి ఇంజనే, టర్బో లేదు. వాటిలో చెయ్యి తిప్పుకున్న నారాయణ్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్ తోలిన మొదటి భారతీయుడయ్యాడు. ముందు తోలడం నేర్చుకో, బలం తర్వాత కొనుక్కోవచ్చు అన్నాను.

రెండు నెలలు ఆలోచించి, మావాడు ఆ కారు అమ్మేశాడు. చీటీ డబ్బులో కొంత కలిపి, కంపెనీలోనే టర్బో పెట్టిన పాత కారు కొన్నాడు. మిగిలింది తల్లి చేతికిచ్చి, ట్రాకులో శిక్షణకు తన జీతంలోంచి కడుతున్నాడు.

మొన్న కడంబూరు వచ్చినప్పుడు వాకిట్లో కారు నిలిపి, ఒక నిమిషం ఇంజను ఊరకే తిరగనిచ్చి ఆపాడు. ఇప్పటి కార్లలో టర్బోను నీళ్ళు కూడా చల్లబరుస్తాయి, అంత అవసరం లేకపోవచ్చు. అయినా నాకు సంతోషమయింది. మా చెల్లెలు స్టేషను దగ్గర కొన్న పోళీల పొట్లం విప్పి, మొదటిది వాడికే పెట్టింది.