లాగిన్ కాలపరిమితి: అటవీ సరిహద్దు ప్రాంతంలో ఒక పరిశీలన

వెబ్‌సైట్లకు ఆధారమైన హెచ్‌టీటీపీ నియమావళి స్వభావతః స్మృతిరహితం. ఒక అభ్యర్థనకు, దాని తరువాతి అభ్యర్థనకు మధ్య ఉన్న సంబంధాన్ని అది తనంతట తాను గుర్తుంచుకోదు. ఈ లోటును తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మాంటుల్లీ కుకీని రూపొందించారు. సభ్యుని గుర్తింపు ధ్రువపడగానే సర్వర్ ఊహకందని ఒక దీర్ఘ సంకేతాన్ని కుకీ రూపంలో బ్రౌజరుకు అప్పగిస్తుంది. ఆ పిమ్మట ప్రతి అభ్యర్థనతోనూ బ్రౌజరు దానిని తిరిగి చూపుతుంది. ఆ సంకేతం చెల్లుబాటయ్యే వ్యవధినే ప్రవేశకాలం అంటాము.

ప్రవేశకాలానికి రెండు హద్దులున్నాయి. సభ్యుని నుంచి ఏ అభ్యర్థనా రాకుండా గడవదగిన గరిష్ఠ వ్యవధి నిష్క్రియా పరిమితి. ఎడతెగక పనిచేస్తున్నా సరే, గుర్తింపును మళ్లీ అడగవలసిన గడువు సంపూర్ణ పరిమితి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ప్రకటించిన మార్గదర్శకాలు భద్రతను మూడు స్థాయులుగా వర్గీకరించి, మొదటి స్థాయికి 30 రోజుల సంపూర్ణ పరిమితిని, మిగిలిన రెండింటికి 12 గంటల పరిమితిని సూచించాయి. నిష్క్రియా పరిమితిని రెండవ స్థాయికి 30 నిమిషాలుగా, మూడవ స్థాయికి 15 నిమిషాలుగా నిర్దేశించాయి. సంకేతం ఎవరి చేతిలో ఉంటే సర్వర్ వారినే సభ్యునిగా ఎంచుతుంది కనుక, దాని ఆయువు పెరిగినకొద్దీ అపహరణకు అవకాశమూ పెరుగుతుందన్నదే ఈ నియమాలకు మూలసూత్రం.

ఈ సూత్రాన్ని అటవీ సరిహద్దు మండలాలైన చర్ల, దుమ్ముగూడెంలలో ఏదో ఒకదానికి చెందిన విద్యార్థిని విషయంలో అన్వయించి చూద్దాం. ఉపకార వేతనం దరఖాస్తును ఆమె మండల కేంద్రంలోని నెట్ సెంటర్లో, పలువురు వాడే కంప్యూటరుపై నింపుతుందనుకుందాం. కులధ్రువీకరణ పత్రాన్ని స్కాన్ చేయించాలి. బ్యాంకు ఖాతా సంఖ్యను పాసుపుస్తకంలో చూసి సరిపోల్చుకోవాలి. ఇంటివద్ద కోయభాష మాట్లాడే ఆమె తెలుగు, ఇంగ్లీషు సూచనలను నిదానంగా చదువుకోవాలి. ఇంతసేపూ ఆమె శ్రమిస్తూనే ఉన్నా, సాధారణంగా సర్వర్‌కు కనిపించేది తనకు చేరిన అభ్యర్థనలే గాని మీటలపై కదిలే వేళ్లు కావు. నిష్క్రియా పరిమితి ముగుస్తుంది, నింపినదంతా పోతుంది. సిగ్నల్ సరిగా అందని చోట మళ్లీ ఓటీపీ కోసం ఎదురుచూపు మొదలవుతుంది. ఇటువంటి ఒత్తిడిలోనే జనం తమ పాస్‌వర్డును కాగితంపై రాసి నెట్ సెంటర్ నిర్వాహకునికి ఇచ్చివేస్తారు. భద్రత కోసం కుదించిన గడువు భద్రతకే చేటు చేయడం నన్ను అన్నిటికన్నా కలవరపెట్టే విషయం.

గడువును పొడిగిస్తే చాలదా? చాలదు. ఆమె లాగౌట్ చేయకుండా లేచి వెళ్లిన మరుక్షణమే మరొకరు అదే కుర్చీలో కూర్చోవచ్చు; ఆ మొదటి నిమిషంలోని అపాయాన్ని 15 నిమిషాల పరిమితి సైతం నివారించలేదు. కనుక లాగౌట్ మీట ప్రతి పుటలోనూ స్పష్టంగా కనిపించాలి. దానిని నొక్కగానే సంకేతం బ్రౌజరులో చెరిగిపోవడమే గాక సర్వర్ వద్ద కూడా రద్దు కావాలి. ట్యాబ్ మూయడం లాగౌట్ కాదని సభ్యులకు బోధించాలి.

గడియారం ఒక్కటే ప్రమాణం కారాదని నా నిశ్చితాభిప్రాయం. చేయబోయే పని గురుత్వమే ముఖ్య ప్రమాణం కావాలి. సొంత ఫోనులో దరఖాస్తు స్థితిని చూసుకోవడానికి 30 రోజుల ప్రవేశం సమంజసమే. బ్యాంకు ఖాతాను గాని, మొబైల్ సంఖ్యను గాని మార్చేటప్పుడు మాత్రం, ప్రవేశించి రెండు నిమిషాలే అయినా, గుర్తింపును తిరిగి అడగాలి. ఉమ్మడి కంప్యూటరులో నిష్క్రియా పరిమితి తక్కువగానే ఉండవచ్చు. అయితే సగం నింపిన దరఖాస్తు ఎప్పటికప్పుడు సర్వర్లో భద్రమై, తిరిగి లాగిన్ అయిన వెంటనే ఆగిన చోటు నుంచే అందాలి. గడువు తీరేముందు హెచ్చరించి, దానిని సులభంగా పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇచ్చే పద్ధతిని 2008 నాటి వెబ్ సౌలభ్య ప్రమాణాలు పేర్కొన్నాయి. ఆ హెచ్చరికను తేలిక తెలుగు మాటల్లో, పెద్ద అక్షరాల్లో ఇవ్వాలి.