తెలుగు పీరియడ్‌లో పిల్లలు నేర్చేదేమిటి? అపోహలు – వాస్తవాలు

మీ పిల్లల తెలుగు వాచకం తెరిచి, ఏదైనా పాఠం చివర ఉన్న అభ్యాసాలు చూడండి. వినడం–మాట్లాడడం, చదవడం–రాయడం, పదజాలం, స్వీయరచన, సృజనాత్మకత వంటి శీర్షికలు కనిపిస్తాయి. ఇంట్లో మనం అడిగేవి మాత్రం రెండే: అఆలు వచ్చాయా, పద్యం అప్పజెప్పావా? బడి నేర్పాలనుకునేదానికీ మనం అడిగేదానికీ ఇంత దూరం ఉండబట్టే ఈ అపోహలు పోవడం లేదు.

అపోహ: అక్షరమాల మొత్తం వచ్చాకే చదవడం మొదలుపెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు. ల, క, ప, వ అక్షరాలను గుర్తుపట్టిన పిల్ల అప్పుడే ‘వల’, ‘పలక’ చదవగలదు. అందుకే ఒకటో తరగతిలో వరుసక్రమం పక్కనపెట్టి, బొమ్మతో మాట, ఆ మాటలోంచి అక్షరం అన్న పద్ధతిలో చెబుతారు. ఙ, ఞ, ౠ లాంటివి ఆ వయసు పిల్లల మాటల్లో దాదాపు రావు. వాటి కోసం చదువు ఆపడం అన్యాయం. గుణింతాలూ అంతే. ‘కి’లో గుడి ఏం చేస్తుందో తెలిసిన పిల్లవాడు ‘ని’, ‘లి’ తనే పోల్చుకుంటాడు. ఆ పోలికకు లొంగని ‘మొ’, ‘యొ’, ‘పు’, ‘వు’ లాంటివాటి దగ్గరే టీచరు ఎక్కువసేపు నిలబడాలి.

అపోహ: తడుముకోకుండా గడగడా చదివితే చదవడం వచ్చేసినట్టే.

వాస్తవం: తెలుగులో ఈ పొరపాటు జరగడం మరీ తేలిక. మన లిపి దాదాపుగా పలికినట్టే రాసేది. గుర్తులు వచ్చిన పిల్ల, ఒక్క ముక్క అర్థం కాకపోయినా పేజీ మొత్తం చదివేయగలదు. వింటున్న పెద్దలకు ముచ్చటేస్తుంది, అక్కడితో ఆగిపోతారు.

ప్రశ్నలు అడిగినా అన్ని ప్రశ్నలూ అర్థాన్ని పరీక్షించవు. ‘టిమ్ము గోపులో లసింది’ అని అర్థంలేని వాక్యం ఒకటి రాసి, ‘టిమ్ము ఎక్కడ లసింది?’ అని అడగండి. ‘గోపులో’ అని ఠక్కున చెబుతారు. వాక్యంలో ఉన్న మాటనే తీసి జవాబుగా పెట్టే ప్రశ్నలు ఇలాంటివే, మన నోటు పుస్తకాల నిండా ఇవే.

ఇప్పుడు ఇది చూడండి: ‘కప్ప గట్టు మీద కూర్చుంది. కొంగ వాలగానే నీళ్లలోకి దూకింది.’ కప్ప ఎందుకు దూకింది? జవాబు ఆ రెండు వాక్యాల్లో లేదు. కొంగ కప్పల్ని తింటుందన్న సంగతి పిల్ల తన బుర్రలోంచి తెచ్చి ఇక్కడ కలుపుకోవాలి. చదవడమంటే నా దృష్టిలో ఇదే. 2021లో మొదలైన కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం నిపుణ్ భారత్ మూడో తరగతి పూర్తయ్యేలోగా పిల్లలకు రావాలంటున్నదీ అర్థంతో కూడిన చదువే. తెలంగాణలో 2022లో వచ్చిన ‘తొలిమెట్టు’ కార్యక్రమం కూడా ఆ దారిలోదే. ధారాళత అవసరమే. అక్షరం అక్షరం కూడబలుక్కునే పిల్లకు వాక్యం చివరికొచ్చేసరికి మొదలు గుర్తుండదు. అయితే అది మెట్టు మాత్రమే.

అపోహ: రాయడమంటే చూసిరాత, అందమైన దస్తూరి, తప్పుల్లేని డిక్టేషన్.

వాస్తవం: వేలికి పట్టు రావడానికి చూసిరాత పనికొస్తుంది. తన మాట తాను రాయడం వేరే విద్య. ‘మా మేక ఈనింది, రెండు పిలలు’ అని రెండో తరగతి పిల్లవాడు రాస్తే, వత్తు పోయిందన్నది చిన్న విషయం. చెప్పాలనుకున్న సంగతి కాగితం మీదికి వచ్చింది. ముందు ఆ మేకపిల్లల రంగేమిటని అడగాలి, వత్తు సంగతి తర్వాత చూడొచ్చు. ప్రతి పొరపాటుకీ ఎర్రగీత పడితే పిల్లలు తమకు కచ్చితంగా రాయడం వచ్చిన నాలుగు మాటల్నే తిప్పి తిప్పి రాస్తారు.

అపోహ: ఇంటి యాస బడిలో మాన్పించాలి.

వాస్తవం: ‘ఉన్నడు’ అనే పిల్లవాడు పుస్తకంలో ‘ఉన్నాడు’ అన్న రూపాన్ని నెమ్మదిగా తనే అందుకుంటాడు. నోరు తెరవగానే తప్పు పడితే మాట్లాడడమే మానేస్తాడు. ఇంట్లో కోయ, గోండి, సవర, లంబాడి మాట్లాడే పిల్లల పరిస్థితి ఇంకా కష్టం. తెలుగు వాళ్లకు రెండో భాష. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే వాచకాలు తయారుచేసి, ఇంటి భాషతో మొదలుపెట్టి క్రమంగా తెలుగులోకి తీసుకొచ్చే ప్రయత్నం జరిగింది. ఆ ఆలోచనకు దక్కాల్సినంత ఓపిక మనం చూపలేదు.

అపోహ: తెలుగుకు పెట్టే సమయం ఇంగ్లీషుకు నష్టం.

వాస్తవం: చదివినదాన్ని ఊహించడం, ముందు జరిగినదాన్ని తర్వాత జరిగినదానితో కలపడం, కారణం వెతకడం ఒక భాషలో వస్తే రెండో భాషలోనూ అక్కరకొస్తాయి. ఇంగ్లీషులో కొత్తగా నేర్వాల్సింది మాటలు, లిపి, వాక్యం తీరు. వీలైనచోట కనీసం ఐదో తరగతి వరకు మాతృభాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం కూడా చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్న పాఠ్యపుస్తకాలు తెచ్చింది. మీ ఇంట్లో అవి ఉంటే, పాఠం తెలుగు పేజీలో చదివించి, కాసేపు మాట్లాడి, ఆ తర్వాత ఇంగ్లీషు పేజీ తెరవమనండి.