లువార్ తీరమున సైకిలు బాట
ఫ్రాన్సు నదులలోకెల్ల పొడవైన లువార్ వెంట, అట్లాంటిక్ తీరము వరకు సుమారు 900 కిలోమీటర్ల సైకిలు బాట కలదు. అందు మోంసోరో నుండి సోమూరు పట్టణమునకు గల దూరము స్వల్పమే, గంటలో దాటవచ్చును. అట్లు దాటిపోవువాడు దురదృష్టవంతుడు.

ఒకవైపు ఇసుకతిన్నెల నడుమ మందముగా సాగు నది. మరొకవైపు ‘తుఫో’ అను తెల్లని సున్నపురాతి కొండచరియ. ఈ రాయి గనిలో మెత్తన, ఱంపమునకు లొంగును. గాలి సోకినకొలది గట్టిపడును. శతాబ్దముల తరబడి దీనిని కోసి పడవలకెత్తిరి. నది యొడ్డున నిలిచిన 15వ శతాబ్దపు మోంసోరో కోట ఆ రాతిదే. రాయి తరలిపోగా గుహలు మిగిలినవి. ప్రభువులు కోటలో నివసించిరి. రాయి కోసినవారు తాము తొలిచిన గుహలలోనే కాపురము పెట్టిరి. వారి పేర్లు ఏ శాసనమునను లేవు.

సూజే గ్రామమున బాట కొండ కడుపులోనికే దూరును. అచ్చట సైకిలు దిగి నడచుట మేలు. మండువేసవిలో సైతము ఆ చీకటినుండి చల్లని గాలి ముఖమునకు తగులును. కారులో పోవువానికి ఆ సుఖమెక్కడిది! ఇట్టి గుహలలో ఏడాది పొడవునా వేడిమి ఇంచుమించు 12 డిగ్రీలే. కనుకనే ద్రాక్షాసవపు పీపాలను వీనియందు భద్రపరతురు. నెత్తిమీద, కొండపైన, కబెర్నే ఫ్రాన్ ద్రాక్షతోటలు. ఆ తీగల వేళ్ళు దిగిన రాతి క్రిందనే వాని రసము పక్వమగుచున్నది.