బొమ్మ కారూ, ఎలెన్ కీ

సంక్రాంతికి జరిగే సిద్ధేశ్వరుని జాతర సెలవుల్లో సోలాపూరు దత్తనగరులోని మా మిత్రుల యింటికి వెళ్లాము. గడపలో వారి అబ్బాయి బొమ్మ కారు ఒకటి ఒళ్లో పెట్టుకుని కళ్లనీళ్లు తుడుచుకుంటున్నాడు. పుణెలో ఉండే మేనమామ పంపిన కారు అది. చేతిలోని చిన్న పెట్టె నుంచి వచ్చే రేడియో తరంగాలతో నడుస్తుంది. మోటారు షాఫ్టు మీద ఉండే చిన్న పళ్లచక్రం వదులైతే, దాన్ని సరిచేయబోయాడు. చక్రాన్ని పట్టి ఉంచే స్క్రూకు తల ఉండదు, నడిమిన ఆరు పలకల గుంట మాత్రం ఉంటుంది. ఆ గుంట కాస్తా అరిగి గుండ్రమైపోయింది. ఇక స్క్రూ ముందుకూ రాదు, వెనక్కూ రాదు. “వేలు పోసిన వస్తువును నెల తిరక్కుండనే ఖరాబు చేసినవు” అని తండ్రిగారు గట్టిగానే కోప్పడ్డారు.

తప్పు పిల్లవాడిది కాదని మొదట గ్రహించినవారు తాతగారు. ఆయన మిల్లులో మగ్గాల జాబరుగా చేసి, మిల్లు మూతపడ్డాక యింట కూర్చున్న మనిషి. కారుతో ఉచితంగా వచ్చిన కీని వెలుతురుకు ఎత్తి చూసి, “ఇది ఇనుమా, మైనమా రా బిడ్డా?” అన్నారు. చూస్తే దాని కొనకు ఉండవలసిన ఆరు అంచులూ ఎప్పుడో గుండ్రమైపోయి ఉన్నాయి.

ఎలెన్ కీ అనే పేరు అమెరికాలోని హార్ట్‌ఫర్డు నగరపు ఎలెన్ కంపెనీ నుంచి వచ్చింది. 1910 ప్రాంతంలో ఈ రకం స్క్రూల తయారీకి ఆ కంపెనీ అధిపతి పేటెంటు పొందాడు. స్క్రూ తల చిన్నదైనా లోపలికి కీ దిగి గట్టిగా పట్టుకోవటం ఇందులోని సుగుణం. అయితే చేతి బలమంతా ఆ ఆరు మూలల మీదనే పడుతుంది. కీ మూల అరిగితే గుంట మూలను కూడా కొరికేస్తుంది. అరిగిన కీ ఒక్కటి చాలు, బండిలోని స్క్రూలన్నిటినీ వరసగా పాడుచేయటానికి!

కొలతల సంగతి అన్నిటికంటె ముఖ్యం. ఇటువంటి కార్లలో ఎక్కువగా కనపడేవి 3 మిల్లీమీటర్ల లావు స్క్రూలు. వాటిలో తల నిలువుగా ఉన్నదానికి 2.5 మిల్లీమీటర్ల కీ, తల బోర్లించిన గిన్నెలా ఉన్నదానికి 2 మిల్లీమీటర్లది, తల లేనిదానికి 1.5 మిల్లీమీటర్లది కావాలి. అమెరికా పాత బండ్లలో అంగుళాల స్క్రూలు కూడా ఉండేవి. చిక్కంతా ఇక్కడే. అంగుళంలో 32వ వంతులు మూడు ఉన్న కీ 2.38 మిల్లీమీటర్లు అవుతుంది. అది 2.5 గుంటలోకి హాయిగా దిగుతుంది, తిరుగుతున్నట్టే ఉంటుంది, బిగువు తగిలేసరికి మూలల్ని చెక్కేస్తుంది. దిగింది కదా అని సరిపోయిందనుకోరాదు. జపానులోని టామియా వారి కార్లలో చాలావాటికి కూడిక గుర్తు గాడి గల స్క్రూలే వస్తాయి. వాటి పేచ్‌కస్ సంగతి వేరు.

కొనేటప్పుడు ఏది చూడాలి? బంగారు రంగు పూత చూసి మురిసిపోకండి. ఆ పూత మందం వెంట్రుకలో పదోవంతు కూడా ఉండదు. లోపలి ఉక్కు మెత్తనిదైతే పూత ఏమి కాపాడుతుంది? ఎస్-2 అనే రకం ఉక్కుతో చేసిన కొన మామూలు క్రోమ్ వెనేడియం కొన కంటె ఎక్కువకాలం మన్నుతుంది. మరీ గట్టిదైతే పుటుక్కున విరుగుతుంది, మెత్తనిదైతే మెలితిరుగుతుంది. మంచి పనిముట్టు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. కొన అంచులు పదునుగా, చివర చదునుగా ఉండాలి. కొత్త స్క్రూ ఒకటి జేబులో వేసుకుని వెళ్లి దుకాణంలోనే పెట్టి చూడండి. అటూ ఇటూ ఆడితే వద్దు. (దుకాణదారు ముఖం చిట్లిస్తే చిట్లించనివ్వండి, డబ్బు మనది.)

కొన గుండుగా ఉండే కీలను పిల్లలు ముచ్చటపడి కొంటారు. వంకరగా కూడా తిప్పవచ్చు, నిజమే. కాని గుండు కింద మెడ సన్నం, పట్టు తక్కువ. వదులైన స్క్రూను త్వరగా తీయటానికి వాడుకోవచ్చు గాని బిగుసుకున్నదాని మీద వాడితే మెడ విరిగి గుంటలోనే ఉండిపోతుంది. పెట్టెడు కీలు చవకగా కొనటం కంటె, 1.5, 2 కొలతలవి రెండే మంచివి, పిడి గలవి, కొన అరిగితే కొనను మాత్రం మార్చుకునే వీలున్నవి కొనటం మేలు. తక్కినవి నెమ్మదిగా చేర్చుకోవచ్చు.

మన పేటల్లో ఇంకొక పీడ ఉంది. మగ్గాల నుంచి లేచే పత్తి పీచు, నూనె, దుమ్ము కలిసి స్క్రూ గుంటలో గట్టిపడుతుంది. కీ సగమే దిగుతుంది, పైపై మూలలు చెదిరిపోతాయి. ముందు సూదితో గుంట శుభ్రం చేసి ఆ తరువాత కీ పెట్టాలి. ఇది తాతగారు మాకు చేసి చూపించారు.

ఇక ఆ మొండి స్క్రూ మాటేమయిందంటారా? స్క్రూ జారకుండా కర్మాగారంలో వేసిన జిగురు మెత్తబడేందుకు, టంకం పెట్టే వేడి కడ్డీని స్క్రూకు కాసేపు ఆనించారు. తరువాత తాతగారు తన పాత గుడ్డసంచి విప్పారు. ఆయన చూసిన మగ్గాలు ఇంగ్లండువి, అందుకని సంచిలోనివన్నీ అంగుళాల కీలే! అంగుళంలో 16వ వంతు కీ 1.59 మిల్లీమీటర్లు, అంటే 1.5 కంటె పిసరు లావు. మోటారును బయటికి తీసి, షాఫ్టు వంగకుండా పళ్లచక్రం కింద కొయ్యముక్క ఆనించి, ఆ కీని చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేసి అరిగిన గుంటలోకి దింపారు. మెల్లగా తిప్పితే స్క్రూ కిర్రుమని కదిలింది. దాన్ని పారవేసి కొత్తది వేశారు. కొలత తప్పిన కీతో చేయదగిన పని అదొక్కటే, అదీ ఎటూ పారవేసే స్క్రూ మీదనే.

అరిగిన కీని కూడా ఆయన పారవేయనివ్వలేదు. సాన మీద కొనను ఒక మిల్లీమీటరు అరగదీశారు, వేడెక్కి ఉక్కు మెత్తబడకుండా మాటిమాటికీ నీళ్లలో ముంచుతూ. అంచులు మళ్లీ తేలినవి. మైనం మైనమే గనుక అది ఎన్నాళ్లో ఉండదని కూడా చెప్పారు. మర్నాడు తండ్రిగారే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని బజారుకు వెళ్లి రెండు మంచి కీలు కొనుక్కొచ్చారు. మేము బయలుదేరే వేళకు తాతా మనుమలు అరుగు మీద కూర్చుని, అంగుళాల కీల పిడులకు ఎర్ర నూలూ, మిల్లీమీటర్ల వాటికి తెల్ల నూలూ చుడుతున్నారు.