మూలికా మందులు – కడుపునకు కలుగు బాధలు

మూలికలు అనాదిగా మన ఇండ్లలో వాడుకలో నున్నవి. వాము, శొంఠి, కరక్కాయ ఎరుగని గృహిణి యుండదు. వీనికి తోడు నేడు అంగళ్లలో రకరకముల మూలికల చూర్ణములు, మాత్రలు బలమునకును ఆరోగ్యమునకును అని అమ్ముడగుచున్నవి. “చెట్టు మందు మేలు చేయకున్నను కీడు చేయదు” అను నమ్మకముతో పలువురు వైద్యుని అడుగకయే వానిని నెలల తరబడి పుచ్చుకొనుచుందురు. ఈ నమ్మకము సరియైనది కాదు. రోగమును కుదుర్చు శక్తి గల మూలికకు శరీరమును బాధించు శక్తియు ఉండును. ఆ బాధ తరచుగా మొదట కడుపులోనే కనబడును.

కోల్‌కతా నేర్పిన పాఠము

ఈ సత్యమును గ్రహించుటకు సర్పగంధి చరిత్ర మంచి నిదర్శనము. 1931లో కలకత్తా వైద్యులగు గణనాథ సేన్, కార్తీక చంద్ర బోసు గార్లు సర్పగంధి వేరు చూర్ణమును రక్తపు పోటునకును ఉన్మాదమునకును వాడి, తమ అనుభవమును వైద్య పత్రికలో ప్రకటించిరి. వారు తెలిపిన మోతాదు దినమునకు రెండు సార్లు, సారికి 20 నుండి 30 గ్రెయినులు, అనగా ఇంచుమించు 1.3 నుండి 2 గ్రాములు. 1952లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞులు ఆ వేరునుండి రిసర్పిన్ అను పదార్థమును వేరు చేసిరి.

కొన్ని నరముల కొనలలో నోరాడ్రినలిన్ అను పదార్థము నిలువ యుండును. రిసర్పిన్ ఆ నిలువను తరుగజేయును. అందుచే రక్తనాళములు సడలి పోటు తగ్గును. అయితే ప్రేగుల కదలికను అదుపులో నుంచునవియు ఆ నరములే. అదుపు తప్పగానే ప్రేగులు వడిగా కదలును. కడుపులో ఆమ్లము పెరుగును. కావున కొందరికి విరేచనములు, కడుపులో మంట కలుగును. పూర్వము కడుపులో పుండు ఉన్నవారికి అది తిరుగబెట్టవచ్చును. పోటును తగ్గించినదియు, కడుపును చెరచినదియు ఒకే పదార్థము. మోతాదును, రోగి స్థితిని ఎరిగి వాడినప్పుడే అది మందు.

కలకత్తాలోని స్కూల్ ఆఫ్ ట్రాపికల్ మెడిసిన్‌లో ఆచార్యులుగా నుండిన రామనాథ చోప్రా గారు దేశీయ మూలికలను ఈ దృష్టితోనే పరీక్షించిరి. వారి అధ్యక్షతన 1930లో ఏర్పడిన మందుల విచారణ సంఘము చేసిన సిఫారసులు 1940 నాటి మందుల చట్టమునకు దారి తీసినవి.

వాడుకలోని కొన్ని మూలికలు

నేలవేము: వంగదేశమున దీనిని కాలమేఘ్ అందురు. ఆకలి లేమికి, పిల్లల కడుపు నొప్పికి అచ్చటి ఇండ్లలో దీని రసమును ఇచ్చుట వాడుక. ఇది మిక్కిలి చేదు. మోతాదు మించినచో ఏ ఆకలికై ఇచ్చితిమో ఆ ఆకలియే పోయి, వికారము, వాంతులు కలుగవచ్చును.

సునాముఖి: దీని సారము చిన్న ప్రేగులో మార్పు చెందదు. పెద్ద ప్రేగులోని సూక్ష్మజీవులు దానిని విడగొట్టిన పిదపనే పని చేయును. అందుచే రాత్రి పుచ్చుకొనిన మందునకు ఉదయమున విరేచనమగును. ఫలితము వెంటనే కానరాలేదని మరల పుచ్చుకొనువారు కడుపు నులిమివేతకు లోనగుదురు. చాలకాలము వాడినచో శరీరములోని నీరు, పొటాసియము తరిగి నీరసము కలుగును. “శరీరపు బరువు తగ్గించు” తేయాకులనబడు వానిలోను సునాముఖి చేరియుండుట కలదు.

ఇసబ్‌గోల్: ఇది నీటిని పీల్చి ఉబ్బును. చాలినంత నీరు త్రాగనిచో గొంతులోనో ప్రేగులోనో అడ్డుపడవచ్చును.

నేపాళము: దీని గింజ అతి తీవ్రమైన విరేచనకారి. చట్టము దీనిని విషద్రవ్యముల పట్టికలో చేర్చినది. ఇట్టివి చేరిన మందుల సీసాపై వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెనను హెచ్చరిక ఉండవలెను.

తిప్పతీగ: ముంబయిలో దీనిని వాడిన ఆరుగురికి కాలేయము చెడిన వృత్తాంతమును వైద్యులు 2021లో ప్రకటించిరి. కాలేయము చెడినప్పుడు కామెర్లకు ముందే వికారము, అరుచి కనబడవచ్చును. వీనిని అజీర్ణమని తలచి అదే మందును కొనసాగించుట అపాయకరము.

పాటింపవలసిన నియమములు

1. పేరు, మోతాదు, తయారు చేసినవారి చిరునామా, లైసెన్సు సంఖ్య లేని మందును కొనరాదు.

2. ఒకేసారి రెండు మూడు క్రొత్త మూలికలను ప్రారంభింపరాదు. బాధ కలిగినచో కారణమేదో తెలియకుండును.

3. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పసిపిల్లలు, కాలేయ వ్యాధి గలవారు, నిత్యము ఇతర మందులు వాడువారు వైద్యుని అనుమతి లేక వీనిని వాడరాదు.

4. వాంతులు, విరేచనములు, కడుపు నొప్పి మొదలైనచో మూలికా మందును వెంటనే ఆపవలెను. విరేచనములకు ఓ.ఆర్.ఎస్. ద్రవమును త్రాగించవలెను.

5. మలము నల్లగా నున్నను, నెత్తురు పడినను, కన్నులు పచ్చబడినను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలెను.

6. వైద్యునికడకు పోవునపుడు సీసాను, పొట్లమును వెంట తీసికొనిపోవలెను. ఆయుర్వేద మందు వాడినామని చెప్పుటకు సంకోచింపరాదు. రోగి దాచిన మందు వైద్యుని తప్పుదారి పట్టించును.

మూలికలు మన దేశపు సంపద. వానిని మందులుగా ఎంచి, మందులకు చూపవలసిన జాగ్రత్తను వానికిని చూపినప్పుడే వానివలన మేలు కలుగును.